ముదిమియందు నడుము నొప్పి

ఖమ్మమునుండి భద్రాచలమునకు అడవిదారిని బోవువారికి వేసవియందు ఒక దృశ్యము కనబడును. వయసు మీరిన స్త్రీలు సైతము నడుము వంచి తునికాకు కోయుదురు. యాబది యాకులకొక కట్ట కట్టి, నెత్తిపై నిడుకొని కల్లమునకు జేర్తురు. 1889లో ఇల్లెందున బొగ్గు త్రవ్వకము మొదలైన పిమ్మట, తట్టా చెమ్మసులతో బొగ్గు నింపిన కూలీల నడుములును ఇట్టివే. ఆ నడుములు అరువదియేండ్లకు నొచ్చినప్పుడు మనము చేయునదేమి? "వయసు వచ్చినది, ఊరక పడియుండు" మందుము. లేదా పొలము కుదువబెట్టి కోతకు గొనిపోదుము. ఈ రెంటి నడుమ మార్గము లేదా? ఉన్నదనియే చికిత్సల చరిత్ర మనకు దెలుపుచున్నది.

నడుమునుండి పాదమువరకు దిగు నొప్పిని చరక సుశ్రుతులు గృధ్రసి యనిరి. గృధ్రమనగా రాబందు, రోగి నడక దాని నడకను బోలుననుట ఆ పేరునకు జెప్పు కారణములలో నొకటి. వస్తికర్మము, సిరావేధము, అగ్నికర్మము చరకుడు చెప్పిన చికిత్సలు. మన పల్లెలలో నడుముపై బెట్టు వాతలు ఆ అగ్నికర్మమునకు దూరపు చుట్టములు. నూనె మర్దనయు కాపడమును కొంత హాయి గూర్చును; వాత పుండును మచ్చను మిగుల్చును. పెద్దలనాటివైనంత మాత్రమున అన్నియు నొకటి గావు.

క్రొత్తవియు నట్లే. 1863లో లండను శస్త్రవైద్యుడు జాన్ హిల్టను నొప్పికి విశ్రాంతి పరమౌషధమని గ్రంథము వెలువరించెను. తరువాతి కాలమున నడుము నొప్పివారిని వారములతరబడి మంచమున బరుండబెట్టుట వైద్యాచారమయ్యెను. 1986లో అమెరికా వైద్యులు 203 మందిని పరీక్షించి, రెండు దినములు పరుండుమన్నవారికంటె ఏడు దినములు పరుండుమన్నవారికి అధిక లాభమేమియు లేదని ప్రకటించిరి. అది ఎక్కువగా క్రొత్త నొప్పివారినిగూర్చిన పరీక్ష. కాని ముదుసలులకు మంచము మరింత కీడు: కండ క్షీణించును, కాలు తడబడును, పడుట సులభమగును.

1934లో బోస్టనునందు మిక్స్టరు, బార్ అను వైద్యులు, వెన్నుపూసల నడిమి బిళ్ళ జారి నరమునొత్తినచో దానిని తొలగించి కాలి నొప్పిని మాన్పవచ్చునని చూపిరి. కొంచెము నడువగనే కాళ్ళు బరువెక్కి కూర్చుండవలసివచ్చు వృద్ధులలో వెన్నుకాలువ యిరుకగుటను 1954లో హాలెండు వైద్యుడు వెర్బియెస్టు వివరించెను. ఇట్టివారిలో కొందరికి శస్త్రచికిత్స నిజముగ మేలు. కాని ఉత్త నడుము నొప్పికి ఆ భరోసా లేదు. 2015లో వెలువడిన సమీక్షనుబట్టి, నొప్పి యెరుగని ఎనుబదియేండ్లవారిలోను 96 శాతమునకు బిళ్ళల అరుగుదల చిత్రములలో గానవచ్చును. కావున చిత్రమును జూచి కత్తికి దలయొగ్గరాదు.

మాత్రల సంగతి? పశువులకిచ్చిన డైక్లోఫెనాకు వలన, వాని కళేబరములు దిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చెనని 2004లో తేలెను. 2006లో మన దేశమున పశువులకు దాని వాడుక నిషేధింపబడెను. మనుష్యుడు రాబందు గాడు. అయినను ఈ జాతి మాత్రలు దీర్ఘకాలము మ్రింగు వృద్ధునికి కడుపు, మూత్రపిండములు, గుండె మూటికిని భయము గలదు. అవసరమైనప్పుడు, వైద్యుని యెరుకతో, కొద్దిదినములకే వానిని వాడదగును.

వేరొక వ్యాధి కారణముగా గానరాని దీర్ఘకాలపు నడుము నొప్పినిగూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సూచనలు ప్రకటించెను. వ్యాయామము, రోగికి బోధ, మర్దనము మొదలగువానిని జెప్పి, నడుము పట్టీలను, ఈడ్పు చికిత్సను, నల్లమందు జాతి మందులను సామాన్యముగ వలదనెను. అయితే కాలు చచ్చుబడినను, మూత్రము బిగిసినను, జ్వరముతోడనో చిక్కిపోవుటతోడనో నొప్పి గలిగినను, పడినపిమ్మట వచ్చినను, జాగు సేయక ఆసుపత్రికి బోవలెను. వెన్నెముక క్షయ, ఎముక విరుగుట మున్నగునవి అట్లు బయటపడును.

ఒక్క మాట మరువరాదు. బరువుపనియు వ్యాయామమును ఒకటి గావు. దినమెల్ల వంగి ఆకు గోసిన అవ్వకు "కదలుచుండుము" అనుట పరిహాసమగును. ఆమెకు బరువు దగ్గించుట, పనినడుమ విరామమిచ్చుట, సాయంకాలము చేతికఱ్ఱతో నాలుగడుగులు నడిపించుట మొదటి చికిత్స. పిమ్మట ఏ వైద్యమునకైనను లాభమెంత, కీడెంత, వ్యయమెంత, ఊరకున్న నేమగునని వైద్యునడుగవలెను. ఆ మాటలు కొడుకులే విని తీర్పు సేయక, ఆమెను గూర్చుండబెట్టుకొని వినిపింపుడు. నొచ్చునది ఆమె నడుము. నిర్ణయమును ఆమెదే కావలెను.