నెత్తుటిలోని ఇనుము

1845 నవంబరు 8వ తేదీన మైకేల్ ఫారడే ఎండిన రక్తమును అయస్కాంతముతో పరీక్షించి, ఇనుము గలదని ఎల్లవారెరిగిన ఆ పదార్థము ఆకర్షింపబడకుండుట గమనించి, తాజా రక్తమును సైతము చూడవలెనని దినచర్యలో వ్రాసికొనెను. ధమనుల రక్తమును సిరల రక్తముతో పోల్చి చూచియుండినచో, ప్రాణవాయువును మోయుచున్న హీమోగ్లోబిన్‌ను అయస్కాంతము ఒకింత త్రోసివేయుననియు, దానిని దింపుకొన్న హీమోగ్లోబిన్‌ను దరిజేర్చుకొనుననియు 1936లో లైనస్ పాలింగ్, చార్లెస్ కోరియెల్ తేల్చిన సంగతి తొంబదియేండ్ల ముందే ఆయనకు దక్కియుండెడిది.

అయినను ఈ ఆకర్షణ మిక్కిలి స్వల్పము. మలేరియా సోకిన కణముననో, ఇది మరింత స్ఫుటము. పరాన్నజీవి ఎఱ్ఱకణమున దూరి హీమోగ్లోబిన్‌ను భుజించి, మిగిలిన, ఇనుము గల హీము అను భాగము తనకే విషమగుటచే దానిని కరగని స్ఫటికములుగ మార్చి కణములోనే పడవేయును. హీమోజాయిన్ అనబడు ఆ నల్లని రేణువుల ఆనవాలు పట్టియే, 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని గుర్తించెను. ఆ రేణువులలోని ఇనుము అయస్కాంతమునకు లొంగునది.

1975లో సౌతాంప్టన్‌లో మెల్విల్, పాల్, రోత్ అను మువ్వురు సన్నని ఉక్కుతీగలు కూర్చిన గొట్టమును బలమైన అయస్కాంతక్షేత్రమున నుంచి రక్తమునుండి ఎఱ్ఱకణములను వేఱుచేసిరి. ఆఱేండ్లకు మలేరియా సోకిన కణములను సైతము అట్లే పట్టిరి. తీగలెందుకనగా, లాగుడు క్షేత్రబలము మీదనే కాక, ఆ బలము ఎంత కొద్దిదూరమున ఎంతగా మారునో దానిమీదను ఆధారపడును; సన్నని తీగ అంచున ఆ మార్పు అతితీవ్రము.

తీగ కణమును పట్టి నిలుపును. నేటి సూక్ష్మనాళికా ఫలకము నడకలోనే దారి మళ్ళించును. వెండ్రుక మందము మించని లోతుగల నాళికలో ద్రవము సుడి తిరుగక, సంగమమున రెండు నదుల నీరు రంగు కలియక సాగునట్లు పాయలుపాయలుగ పోవుచుండగా, ప్రక్కనున్న అయస్కాంతము తనకు లొంగిన కణమును మాత్రము వేఱొక పాయలోనికి జరుపును. 2004లో నికోల్ పామ్మె, ఆండ్రియాస్ మాంజ్ అయస్కాంతపు పూసలతో దీనిని చక్కగ చూపిరి.

అయితే ఉంగరదశలోని లేత పరాన్నజీవిలో నల్లరేణువు ఇంకను సమకూడదు; ఫాల్సిపేరమ్ అను జాతి తెచ్చు మలేరియా జ్వరమున ముదిరినవి అవయవముల సన్ననాళములలో గోడలనంటి దాగియుండుటచే, వ్రేలికొసన తీసిన నెత్తుట లేతవే హెచ్చు. కావున జ్వరమును పసిగట్టుటకు ఈ పద్ధతి ఒక్కటియే చాలదని నా అభిప్రాయము. దోమలోనికి పోయి వంశము వృద్ధిచేసికొను గామెటోసైటులు మాత్రము రేణువులు నిండి రక్తమున తిరుగుచుండును. అవి ఎంత అరుదుగ నున్నను, రోగవ్యాప్తిని పరిశీలించువారికి ఏరియిచ్చుటలో అయస్కాంతమునకు సాటి తక్కువ.