శవం తల దగ్గర ఎవరు నిలబడాలి?

పెద్ద నటుడో, గాయనో, నాయకుడో పోయిన మర్నాడు పేపరు తీసి సంతాప ప్రకటనలన్నీ వరసగా చదవడం నాకో అలవాటు. పోయినవాళ్ల గురించి ఒక వాక్యం ఉంటే, ప్రకటన ఇచ్చిన రాజకీయ నాయకుడి గురించి మూడుంటాయి. నన్ను సొంత తమ్ముడిలా చూసేవారు అంటాడు ఒకాయన. నా మొదటి సభకొచ్చి ఆశీర్వదించారు అంటాడు ఇంకొకాయన. ఆఖరిసారి కలిసినప్పుడు నా పనితీరు మెచ్చుకున్నారు అంటాడు మరొకాయన. కాదనడానికి పోయినవాళ్లు లేచి రారు కదా!

నవ్వుకుని పేజీ తిప్పేయొచ్చు. కానీ చావు దగ్గర "నేను" అనడమే తప్పా అంటే నాకు అనుమానమే. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు శవం మీద పడి రాగాలు తీసి ఏడ్చేవాళ్లు. ఆ ఏడుపంతా "నేను"తోనే నడిచేది. నాకెవరు దిక్కు, నా పిల్లల్ని ఎవరి చేతిలో పెట్టి పోయావు, నన్ను పుట్టింటికి ఎవరు తీసుకెళ్తారు అని. దాన్ని స్వోత్కర్ష అని ఎవరూ అనలేదు. తను పోగొట్టుకున్నదేమిటో ఆ మనిషి లెక్క చెప్పుకుంటోంది, అంతే. నాయకుడి నివాళిలో లెక్క తిరగబడుతుంది. తనకి రావలసిందేమిటో చెప్పుకుంటాడు. అది వారసత్వ దావా. ఏ దావాకైనా ప్రతివాది ఉండాలి. మన దక్షిణాదిలో సినిమా నుంచి రాజకీయాల్లోకి వచ్చిన ముగ్గురి చావుల్ని వరసగా పెట్టి చూస్తే, ఆ ప్రతివాది స్థానంలో ఎప్పుడూ ఒక ఆడమనిషే కనిపించింది నాకు.

మొదటిది 1987 డిసెంబర్ 24. ఎం.జి.ఆర్. పోయారు. మద్రాసు రాజాజీ హాల్లో శవాన్ని ఉంచారు. జయలలిత తల దగ్గర నిలబడింది. మొదటి రోజు పదమూడు గంటలు, రెండో రోజు ఎనిమిది గంటలు కదలకుండా నిలబడిందని అప్పటి పత్రికలూ, తర్వాత ఆవిడ జీవితం రాసినవాళ్లూ చెప్పారు. అంతకు ముందు రామావరం ఇంట్లో ఆమెను శవం దగ్గరికి రానివ్వలేదనీ, హాల్లో పక్కన నిలబడ్డ ఆడవాళ్లు కాళ్లు తొక్కారనీ, గిల్లారనీ కూడా రాశారు. మర్నాడు అంతిమయాత్ర బండి ఎక్కబోతే తోసేశారు. ఆమె భార్య కాదు. ఇరవై ఎనిమిది సినిమాల్లో ఆయన పక్కన నటించింది, పార్టీ ప్రచార కార్యదర్శిగా చేసింది, రాజ్యసభ సభ్యురాలు. కానీ ఆ రోజు అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఈవిడ ఆయనకేమవుతుంది?

ఆ ప్రశ్న అక్కడున్న మగ మంత్రుల్ని ఎవరూ అడగలేదు. వాళ్లు ఏమీ అవకపోయినా నిలబడొచ్చు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో రాజస్థాన్‌లోని దేవరాలాలో రూప్ కన్వర్ భర్త చితి మీద కాలిపోయింది. మొగుడి శవం పక్కన భార్య చోటెక్కడ అని దేశమంతా వాదించుకుంటున్న రోజులవి. భార్య కాని స్త్రీ చోటు గురించి ఆ వాదనల్లో ఎవరికీ పట్టలేదు. భార్య అయిన జానకి కథ కూడా అంత సూటిగా లేదు. ఆవిడా ఒకప్పటి హీరోయినే. ఎం.జి.ఆర్. రెండో భార్య సదానందవతి 1962లో పోయేదాకా జానకికీ ఆ హోదా లేదు. 1987 నాటికి ఆవిడ గడప లోపల ఉంది, జయలలిత బయట ఉంది. ఆడవాళ్లిద్దరూ కొట్టుకున్నారని ఈరోజుకీ చెప్పుకుంటారు. జానకిని ముందు పెట్టి ఒక వర్గం, జయలలితను ముందు పెట్టి ఇంకో వర్గం మంత్రి పదవుల కోసం కొట్టుకున్న మగవాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ గుర్తులేవు. 1988 జనవరిలో ముఖ్యమంత్రి అయిన జానకి నెల తిరక్కుండానే దిగిపోయింది. ఆ ఏడాదే కేంద్రంలోని రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఎం.జి.ఆర్.కి భారతరత్న ఇచ్చింది. తమిళనాడు ఎన్నికలు దగ్గర్లోనే ఉన్నాయి.

జయలలితను అమాయకురాలిగా చూపించాలని నాకు లేదు. ఆ ఇరవై ఒక్క గంటలు దుఃఖమూ అవును, రాజకీయమూ అవును. 1991లో ముఖ్యమంత్రి కుర్చీ దాకా నడిచిన దారిలో మొదటి అడుగు అక్కడే పడింది. కానీ ఆ రెండూ కలిసి ఉండటం మగవాళ్ల విషయంలో సహజంగానూ, ఆమె విషయంలో నటనగానూ కనబడటం ఎందుకో మనం అడగాలి.

ఇరవై తొమ్మిదేళ్ల తర్వాత అదే రాజాజీ హాలు. ఈసారి శవం జయలలితది. 2016 డిసెంబర్ 6న తల దగ్గర శశికళ నిలబడింది. ప్రధాని మోదీ వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టి ఓదార్చారు. మెరీనాలో అంత్యక్రియలు కూడా జయలలిత మేనల్లుడితో కలిసి శశికళే చేసింది. ఒక స్త్రీకి మరో స్త్రీ కర్మ చేయడం మన దేశంలో అంత బహిరంగంగా చూసింది నేను అప్పుడే. దాదాపు ముప్ఫై ఏళ్లు ఒకే ఇంట్లో బతికిన ఇద్దరాడవాళ్ల బంధానికి మన భాషల్లో మాట లేదు. "తోడబుట్టని తోబుట్టువు" అని జయలలితే ఒక మాట కల్పించుకోవలసి వచ్చింది. అక్రమాస్తుల కేసులో ఇద్దరూ ముద్దాయిలే, అది మరిచిపోమని అనను.

అదే నెలలో శశికళని ప్రధాన కార్యదర్శిగా ఉండమని పార్టీ పెద్దలంతా తీర్మానించి బతిమాలారు. తర్వాత 2017 ఫిబ్రవరి 7 రాత్రి, అప్పటికే రాజీనామా చేసిన ముఖ్యమంత్రి పన్నీర్‌సెల్వం మెరీనాలో సమాధి ముందు కళ్లు మూసుకుని దాదాపు నలభై నిమిషాలు కూర్చున్నారు. లేచి, అమ్మ ఆత్మ తనను నిజం చెప్పమన్నదన్నారు. ఆ నిజమేమిటంటే, పదవి తనతో బలవంతంగా వదిలించారట. పోయినావిడ నోట ముఖ్యమంత్రి పదవి తనదేనని చెప్పించుకున్న నివాళి అది! వారం తిరిగాక జైలుకి వెళ్తూ శశికళ అదే సమాధి మీద మూడుసార్లు అరచేత్తో చరిచి శపథం చేసింది. దేశమంతా నవ్వింది. ధ్యానం చూసి ఎవరూ నవ్వినట్టు నాకు గుర్తులేదు.

ఏప్రిల్‌లో ఆర్.కె.నగర్ ఉపఎన్నికొచ్చింది. జయలలిత శవాన్ని పోలిన బొమ్మని పెట్టెలో పెట్టి, జాతీయ జెండా కప్పి, బండి మీద వీధుల్లో తిప్పి ఓట్లడిగారు పన్నీర్‌సెల్వం వర్గం వాళ్లు. డిసెంబర్‌లో మళ్లీ ఎన్నిక జరిగినప్పుడు, పోలింగ్ ముందు రోజు అవతలి వర్గం వాళ్లు ఆసుపత్రి మంచం మీదున్న జయలలిత వీడియో బయటపెట్టారు. బతికున్నన్నాళ్లూ తన శరీరం ఎవరి కళ్లకి ఎంత కనబడాలో తనే నిర్ణయించుకున్న మనిషి ఆవిడ. నిలువెత్తు చీర, ఆ పైన పొడుగాటి అంగీ, చుట్టూ గజాల కొద్దీ దూరం. అన్నేళ్లు కట్టుకున్న గోడని ఒక్క ఏడాదిలో రెండు వర్గాల నివాళులూ కలిసి కూల్చేశాయి. చావు మీద వేసిన విచారణ కమిషన్ ముందు 2022 మార్చిలో పన్నీర్‌సెల్వం సాక్ష్యం చెబుతూ, తనకి వ్యక్తిగతంగా శశికళ మీద అనుమానమేమీ లేదన్నారు. అయిదేళ్లు ఆ అనుమానం మీద నడిచిన రాజకీయం మాటేమిటి?

ఇక మన ఇంటి సంగతి. ఎన్టీఆర్ 1996 జనవరి 18న పోయారు. అంతకు నాలుగున్నర నెలల ముందు, 1995 ఆగస్టులో, సొంత పార్టీ శాసనసభ్యులు వైస్రాయ్ హోటల్లో మకాం పెట్టి ఆయన్ని దించారు. ఆ హోటల్ ముందు ఆయన మీద చెప్పులు పడ్డాయి. సెప్టెంబర్ 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. అల్లుణ్ణి ఔరంగజేబుతో పోల్చి, ఎన్టీఆర్ ఆ నాలుగు నెలలూ ఊరుకోకుండా మాట్లాడారు. అలా మాట్లాడుతూ పోయిన మనిషికి దించినవాళ్లే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించారు. ఆ తర్వాత ఏటా మే 28న మహానాడులో దండలు వేశారు.

ఇది ఎలా సాధ్యమైంది? దానికి జవాబు 1995 ఆగస్టులోనే తయారై ఉంది. మా పోరాటం ఎన్టీఆర్ మీద కాదు, లక్ష్మీపార్వతి జోక్యం మీద అన్నారు. దించినప్పుడు పనికొచ్చిన ఆ వాదన పోయాక ఇంకా ఎక్కువ పనికొచ్చింది. ఆయన దేవుడు, ఆవిడ దయ్యం. దెబ్బ ఆవిడకి తగిలింది కాబట్టి దండ ఆయన మెళ్లో వేయొచ్చు. అధికారంలో ఆవిడ జోక్యం చేసుకోలేదని నేను అనడం లేదు. చేసుకుంది. కొడుకులూ, అల్లుళ్లూ చేసుకుంటే వారసత్వమని, రెండో భార్య చేసుకుంటే జోక్యమని అనడం మన భాషకి బాగా అలవాటు, అంతవరకే చెబుతున్నాను.

లక్ష్మీపార్వతి ఆయన దగ్గరికి మొదట వచ్చింది జీవితచరిత్ర రాయడానికి. మన పత్రికలు చదివే ఆడవాళ్లం ఈ సంగతి ఎందుకో ఎక్కువ పట్టించుకోలేదు. కళాశాలలో పాఠాలు చెప్పుకునే ఒక రచయిత్రి, ఒక పెద్దమనిషి కథ రాయడానికొచ్చి ఆ కథలో పాత్ర అయింది, తర్వాత కథ చెప్పే హక్కే పోగొట్టుకుంది. 1993లో పెళ్లి. 1996 ఉపఎన్నికలో పాతపట్నం ప్రజలు గెలిపించారు. అదే ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో ఆవిడ పార్టీకి ఒక్క సీటూ రాలేదు. జనం కన్నీళ్లు ఆవిడకి అక్కడిదాకే పనికొచ్చాయి. భర్త అస్థికలు ఎనిమిదేళ్లు తన దగ్గరే పెట్టుకుని, 2004 మేలో శ్రీరంగపట్నంలో కలిపింది. ఘాట్లూ, విగ్రహాలూ, విశ్వవిద్యాలయాల పేర్లూ వాళ్లవి. ఆవిడకి మిగిలింది ఆ కలశమే.

2019 ఎన్నికల ముందు బాలకృష్ణ తండ్రి కథని రెండు సినిమాలుగా తీసి, తండ్రి వేషం తనే వేశారు. అప్పటికి ఆయన శాసనసభ్యుడు. నివాళి ఇచ్చేవాళ్లే చనిపోయినవాళ్లైపోవడం అంటే అదే. రెండో సినిమా బసవతారకం మరణం దగ్గర, అంటే 1985 దగ్గర ఆగిపోయింది. మొదటి భార్య పోయింది కాబట్టి ఆవిడ పేరు మీద ఆసుపత్రి ఉంది, సినిమా ఆవిడ కళ్లతో నడుస్తుంది. రెండో భార్య బతికుంది, కాబట్టి కథలో చివరి పదకొండేళ్లు లేవు. ఆ ఖాళీని రామ్‌గోపాల్ వర్మ తన సినిమాతో నింపబోతే, అదీ ఎన్నికల ఆయుధమే అయింది, ఆవిడకి ఒరిగిందేమీ లేదు. ఆవిడ చేరిన పార్టీ ప్రభుత్వమే 2022లో ఒక జిల్లాకి ఎన్టీఆర్ పేరు పెట్టింది. అదే ఏడాది ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టింది. 2024లో ప్రభుత్వం మారాక పాత పేరు తిరిగొచ్చింది.

2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపదీ ముర్ము ఎన్టీఆర్ బొమ్మతో వంద రూపాయల నాణెం విడుదల చేశారు. చంద్రబాబు, పురందేశ్వరి, బాలకృష్ణ అందరూ వెళ్లారు. నన్నెందుకు పిలవలేదని లక్ష్మీపార్వతి రాష్ట్రపతికి ఉత్తరం రాసింది. మా విద్యార్థిని ఒకమ్మాయి ఆ వార్త చూపించి, "మేడమ్, ఈవిడ ఆయనకేమవుతుంది?" అని అడిగింది. పిల్ల వెటకారంగా అడగలేదు, నిజంగానే తెలియదు. 1996 తర్వాత ఏడెనిమిదేళ్లకి పుట్టిన అమ్మాయి, ఎన్టీఆర్ మీద సినిమా రెండు భాగాలూ చూసింది.