ఫీడులలో భాష, చిరునామాల వారసత్వము

“ఇదే వీధిలో మూడవ యిల్లు” అని ఒకరు జాబు వ్రాసిరనుకొందము. ఆ వీధిలో నిలిచి చదివినచో అది త్రోవ చూపును. వేరొక ఊరికి కొనిపోయి చదివినచో ఎవరి యింటికో చేర్చును. మాటలలో తప్పులేదు, ఆ మాటలకు ఆధారమైన స్థలము జాబులో లేదు. కంప్యూటర్ల నడుమ సాగు సమాచారమునకును ఇట్టి చిక్కే కలిగినది.

వెబ్ పుటలలోని లంకెలు పెక్కు ఇట్టి సగము చిరునామాలే. వానిని పూర్తిచేయు విధానమును రాయ్ ఫీల్డింగ్ 1995లో ఒక ప్రమాణపత్రమున వివరించెను. 1998 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఎక్స్.ఎం.ఎల్. అను గుర్తుల భాషను ప్రకటించినది. ఇందలి అంశములు పెట్టెలో పెట్టెవలె ఒకదానిలో నొకటి ఇమిడియుండును. బయటి పెట్టెపై ‘లాంగ్’ అను లక్షణముతో భాషాసంకేతము వ్రాసినచో లోపలివాని కన్నిటికిని అదే వర్తించును. తెలుగునకు ‘టి’, ‘ఇ’ అను రెండక్షరములు సంకేతము. 2001 జూన్‌లో వెలువడిన ‘బేస్’ అను లక్షణము ఆధార చిరునామాకును ఇట్టి వారసత్వమునే కల్పించినది.

అయితే ఈ రెండును ఒక్క తీరువి కావు. లోపలి భాష బయటి భాషను తొలగించి తాను నిలుచును. లోపలి ఆధారము సగము చిరునామా యైనచో బయటిదానితో కలిసి పూర్తియగును. బయటి ఆధారము ఒక పత్రిక స్థలము, లోపలిది ‘2005/’, మరియు లోపలిది ‘డిసెంబరు/’, లంకె ‘చిత్రము’ అయినచో, చేరవలసినది ఆ పత్రిక స్థలములోని ‘2005/డిసెంబరు/చిత్రము’. ‘డిసెంబరు’ తరువాతి యేటవాలు గీతను మరచినచో ఆ మాట రాలిపోయి, ‘2005/చిత్రము’ మిగులును.

పత్రికలు తమ క్రొత్త రచనల పట్టికను కంప్యూటర్లు చదువుటకు వీలుగా వెలువరించునదే ఫీడు. 1999లో నెట్‌స్కేప్ సంస్థ ఆర్.ఎస్.ఎస్. అను ఫీడును ప్రవేశపెట్టినది. 2002 నాటి దాని రెండవ రూపమున పట్టికకంతకు ఒక్క భాషను చెప్పు వీలు మాత్రమే యుండెను. రచన లోపలి సగము చిరునామాలకు ఆధారమేదో నిర్దేశింపలేదు. అందుచే ఒక్కొక్క పార్సరు, అనగా ఫీడును విడదీసి చదువు ప్రోగ్రాము, ఒక్కొక్క విధముగా ఊహించుచుండెను. మార్క్ పిల్‌గ్రిమ్ 2002లో ఆరంభించిన యూనివర్సల్ ఫీడ్ పార్సరు సగము చిరునామాలను పూర్తిచేసి యిచ్చుటలో పేరొందినది. 2005 డిసెంబరులో ఆటమ్ ప్రమాణము వెలువడి, ఏ అంశమునకైనను ఆ రెండు లక్షణములు ఉండవచ్చునని స్పష్టపరచినది.

పార్సరు వీనిని గుర్తుంచుకొను విధము పళ్లెముల దొంతర వంటిది. అంశము తెరచుకొనగనే అచట వర్తించు భాషను, ఆధారమును పైన పెట్టును. మూసుకొనగనే పై పళ్లెమును తీసివేయును. తీయుట మరచినచో ఒక రచన యొక్క భాష తరువాతి రచనకు అంటుకొనును.

పలు ఫీడుల నుండి రచనలను ఏరి ఒకచోట కూర్చునప్పుడు మరియొక ప్రమాదము కలదు. వారసత్వముగా వచ్చినది రచనపై వ్రాసియుండదు. రచనను మాత్రము కత్తిరించి తెచ్చినచో అది వెనుకనే మిగిలిపోవును. అప్పుడు చిత్రములు కానరావు. తెలుగు రచన ఆంగ్లపు పట్టికలో చేరి, ఆంగ్లమని లెక్కింపబడును. చూపులేని పాఠకునికి దానిని బిగ్గరగా చదివి వినిపించు యంత్రము ఆంగ్లపు గొంతునే ఎన్నుకొనవచ్చును. కావున రచనను కదలించువారు, అది యే యింటనుండి వచ్చినదో ఆ గుర్తును దానిపై వ్రాసి మరీ కదలింపవలెను.