పేరు చెక్కిన వెండి బ్రేస్‌లెట్లు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మనకొక సర్వీసు రిజిస్టరు, రిటైరయ్యాక ఒక పి.పి.ఓ. నంబరు. ఆ కాగితం కనిపించకపోతే మనం ఎంత ఇబ్బంది పడతామో సభ్యులందరికీ తెలిసిన విషయమే. యుద్ధానికి వెళ్లిన మనిషికి నంబరు అంతకన్నా ముఖ్యం. ప్రాణం పోయాక అతనెవరో చెప్పేది అదొక్కటే.

అమెరికా అంతర్యుద్ధ కాలంలో (1861–65) ప్రభుత్వం సైనికులకు గుర్తింపు బిళ్లలు ఇవ్వలేదు. కొందరు వర్తకుల వద్ద సొంత డబ్బుతో కొనుక్కున్నారు. ఆనాడు జాతీయ శ్మశానవాటికలకు చేర్చిన మృతుల్లో దాదాపు సగం మంది పేర్లు తెలియలేదు. 1906లో సైన్యం అల్యూమినియం బిళ్లను ప్రవేశపెట్టింది. 1917లో నౌకాదళం ఇచ్చిన బిళ్ల వెనుక నావికుని కుడి చూపుడువేలి ముద్ర కూడా ఉండేది.

మెడలో సర్కారు బిళ్ల ఉండగా చేతికి వెండి బ్రేస్‌లెట్ ఎందుకు? బిళ్ల ప్రభుత్వానిది, బ్రేస్‌లెట్ ఇంటిది. తల్లో, భార్యో, పెళ్లాడబోయే పిల్లో కొనిచ్చేవారు. లేదా అతనే కొనుక్కునేవాడు. మనం పెళ్లి సామాను మీద పేర్లు కొట్టించినట్టే, పలక ముందువైపు అతని పేరు, నంబరు, వెనుకవైపు ఇచ్చినవారి పేరు, తేదీ చెక్కించేవారు.

మా అమ్మాయి అమెరికాలో ఉండడంవల్ల, అక్కడి పాతసామాన్ల సంతల్లో ఇలాంటివి కొన్ని సేకరించాను. వాటిని ఎలా చదవాలో చెబుతాను. అమెరికాలో చేసిన దాని మీద ‘స్టెర్లింగ్’ అన్న ముద్ర ఉంటుంది. అంటే వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి, మిగతాది సాధారణంగా రాగి. మేలిమి వెండి మరీ మెత్తన గనుక ఈ కలపడం. ఇంగ్లండులో చేసిన దానిమీదైతే నడిచే సింహం ముద్ర చూడాలి. రెండో ప్రపంచయుద్ధ కాలపు అమెరికా సైన్యం నంబరు ఎనిమిది అంకెలుండి 1తో మొదలైతే సాధారణంగా తానై చేరినవాడు, 3తో మొదలైతే నిర్బంధ సైనిక సేవ కింద వచ్చినవాడు.

పలక అరిగి, అక్షరాలు మాత్రం పదునుగా ఉంటే అనుమానించాలి. ఆ పేరు తర్వాత చెక్కించినదై ఉండవచ్చు. నలుపెక్కింది కదా అని విబూది పెట్టి గట్టిగా తోమకూడదు. మెరుపు వస్తుంది, పేరు పోతుంది.

ఆ పేరుకు విలువ ఎంతో ఒక ప్రమాదం చెబుతుంది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల కేంద్రంలో మంటలు లేచి, 1.6 నుంచి 1.8 కోట్ల ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నుంచి 1960 వరకు సైన్యం నుంచి విడుదలైన వారి ఫైళ్లలో దాదాపు 80 శాతం పోయాయి. అలాంటి మనిషి విషయంలో పాత బ్రేస్‌లెట్ మీది నంబరు కూడా ఒక ఆధారమే.

ఇవి సంతకు ఎలా వచ్చాయని నేను చాలాసార్లు ఆలోచించాను. నౌకతో మునిగినవి ఎవరికీ దొరకవు. బతికినవాడు తనది చేతికుంచుకునే ఇల్లు చేరాడు. చనిపోయినవారి వస్తువులను సైన్యం ఇంటికి పంపేది. అంటే సంతలో ఉన్న బ్రేస్‌లెట్ చాలావరకు ఏదో ఒక ఇంటి నుంచి బయటికి వచ్చినదే. యుద్ధం పోగొట్టని పేరును ఇల్లు పోగొట్టిందన్నమాట. అందుకే వారసులు తెలిస్తే తిరిగి ఇచ్చేయడమే సేకరించేవాడి ధర్మమని నా అభిప్రాయం.

ఇది అమెరికా సంగతి మాత్రమే కాదు. రెండో ప్రపంచయుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు చేరింది. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం వంటి ఊళ్ల నుంచి రెండు యుద్ధాలకూ మనవాళ్లు వెళ్లారు. మొదటి యుద్ధంలో ఇచ్చిన వెండి పతకం అంచున సైనికుని పేరు, నంబరు, పటాలం ఉంటాయి. రెండో యుద్ధంలో భారత సైనికులకిచ్చిన పతకాల మీద కూడా పేరు వేశారు.

మీ ఇంట్లో తాతగారి పతకం ఉంటే దయచేసి తూకానికి వేయవద్దు, కరిగించవద్దు. అంచు మీద అక్షరాలను ఒక కాగితం మీద రాసి, ఆయన ఎవరో, మీకేమవుతారో కింద చేర్చి, పతకంతోపాటు ఉంచండి. ఆ నాలుగు ముక్కలు రాయగలిగిన తరం మనదే.