పులికాట్ తీరపు బట్ట.. తొరాజా ఇంట రక్ష

సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట దారి పడితే రెండు వైపులా పులికాట్ సరస్సే. ఈ పేరు వింటే నేడు రాకెట్లు, ఫ్లెమింగోలు గుర్తొస్తాయి. నాలుగు వందల ఏళ్ల కిందట ఈ తీరానికి పేరు తెచ్చింది మాత్రం బట్ట. కోరమాండల్ రేవుల్లో ఓడెక్కిన ఆ బట్ట ఇండోనేసియా దీవుల్లో రోగాలు పోగొట్టే రక్షగా పూజలందుకుంది.

డచ్చివారు 1610లో సరస్సు దక్షిణ కొసన పులికాట్‌లో స్థావరం పెట్టి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. ఇంగ్లిషువారు 1626లో దుగరాజపట్నంలో దిగారు. వారి రాతల్లో అది ఆర్మగాన్. అందరి కన్నూ లవంగం, జాజికాయ పండే మలుక్కా దీవుల మీదే. అక్కడ బేరం కుదరాలంటే మన బట్ట ఉండాల్సిందే. కోరమాండల్ తీరం మలుక్కాకు ఎడమ చేయి వంటిదని డచ్ అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే రాశాడు.

ఆ బట్ట వెనుక పనితనం చిన్నది కాదు. కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేసిన బట్టపై కలంతో గీత గీస్తారు. నల్లగీతకు బెల్లం, ఇనుప ముక్కలు పులియబెట్టిన కసిమి. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి చిరివేరుతో ఉడికిస్తే, పూసిన మేరకే రంగు పట్టేది. నీలం వద్దన్న చోట మైనం కప్పి నీలిమందు తొట్టిలో ముంచేవారు. తరాలు మారినా ఆ రంగులు వెలవకపోవడానికి కారణం ఇదే.

ఇండోనేసియాలోని సులవేసి దీవి కొండల్లో ఉండే తొరాజా ప్రజలు ఇలాంటి బట్టలను ‘మాఆ’ అంటారు. గుజరాత్ అద్దకాలూ వీటిలో ఉన్నాయి. పూర్వీకులిచ్చిన పవిత్ర సొత్తుగా ఇంట్లో దాచుకుంటారు. ఒక్కో బట్టకు ఒక్కో పేరు కూడా ఉంటుంది. కీడు తొలగించి రోగిని బాగు చేసే ‘మారో’ క్రతువులో వెదురుతో ఎత్తుగా ‘బాతె’ అనే కట్టడం నిలిపి, దానికి ఈ బట్టలు వేలాడదీసేవారు. పూనకాల మధ్య, ఊరంతా చూస్తుండగా జరిగే చికిత్స అది.

బిడ్డకు జడుపు జ్వరమొస్తే తాయెత్తు కట్టించే మనకు ఈ నమ్మకం కొత్తేమీ కాదు. థాయ్‌లాండ్ ‘తక్రుత్’ కూడా అంతే. పలుచని లోహపు రేకుపై యంత్రం గీసి, చుట్ట చుట్టి, తాడుతో కట్టుకుంటారు. అది మన రక్షరేకుకు తోబుట్టువే. జబ్బుకు వైద్యం చేయించాల్సిందే. భయపడిన మనిషికి ధైర్యమిచ్చిన వస్తువు చరిత్రను తెలుసుకోవాల్సిందే.

ఇలాంటి బట్టలు నేడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో, ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉన్నాయి. కొన్నింటిపై డచ్ కంపెనీ ముద్ర చెక్కుచెదరలేదు. నేసినవారి పేరు, అద్దినవారి పేరు ఎక్కడా లేవు. సూళ్లూరుపేటకు దగ్గర్లోని శ్రీకాళహస్తిలో ఆ కలం ఇంకా కదులుతూనే ఉంది. సరస్సు ఒడ్డున పక్షుల కోసం పండుగ చేస్తున్నాం. అక్కడే ఈ బట్ట కథకూ ఒక గది కేటాయించాలి. మన పిల్లలు దీన్ని పరాయి దేశపు మ్యూజియంలో కాదు, ముందు మన ఊళ్లో చూడాలి.