గర్భసంచితో పాటు ఏం పోయింది?

“నెత్తి మీద పిడుగు పడ్డట్టుందే, కోడలా!”

పొయ్యి దగ్గర్నుంచి లేవబోయిన అత్త అక్కడే కూలబడింది. వాంతి. మెడ కొయ్యబారింది.

శ్రీకాకుళం నుంచి వచ్చి ఒడిశాలోని బిస్సమ్ కటక్‌లో స్థిరపడ్డ ఇల్లు. ఈ అత్త ఒక్క మనిషి కాదు. ఎందరో ఆడవాళ్ల బతుకుల్లోని నిజాలను ఒకచోట చేర్చి చెబుతున్నాను, అందుకే పేరు పెట్టలేదు.

1954లో డెన్మార్క్ డాక్టరు ఎలిజబెత్ మ్యాడ్సెన్ నెలకొల్పిన క్రిస్టియన్ ఆస్పత్రిలో బి.పి. చూశారు. మెదడులో నాళం చిట్లినట్టుంది, ఆలస్యం చెయ్యకుండా విశాఖ తీసుకెళ్లమన్నారు. రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం... దారి పొడుగునా అత్త తల కోడలి ఒళ్లోనే.

స్కాన్‌లో అనూరిజమ్ తేలింది. నాళం గోడ ఒకచోట పలచబడి, పాత సైకిల్ ట్యూబులా ఉబ్బి పగిలింది.

“చుట్ట తాగుతారా?”

“అడ్డపొగ బాబూ. నిప్పు నోట్లోకెట్టుకునే తాగుతాది.”

“బి.పి. మాత్రలు?”

“ఒంట్లో బాగుంటే మానేస్తాది.”

“ముట్లు ఎప్పుడు ఆగాయి?”

“ముప్పై మూడో ఏటే గర్భసంచి తీసీసినారు బాబూ.”

“అండాశయాలు కూడానా?”

“తెల్దు బాబూ.”

కాగితాలు ఎప్పుడో పోయాయి. తన ఒంట్లోంచి ఏం తీశారో ఒక ఆడమనిషికి తెలియకపోవడం నేను సహించలేను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశమంతటా 3 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా పోతే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. నాళం లోపలి పొరను కాపాడే హార్మోను అది. కాపుదల తగ్గాక, నాళాలు కొమ్మలుగా చీలేచోట రక్తపు తాకిడికి ఆ పొర దెబ్బతింటుంది. వాపు మొదలవుతుంది. భక్షక కణాలు గోడలో చేరి, సాగే గుణమిచ్చే పీచును కరిగించే ఎంజైములు వదులుతాయి. పొగ, బి.పి. ఆ వాపును ఇంకా రగిలిస్తాయి. 2005లో జపాన్‌లోని తోకుషిమా పరిశోధకులు అండాశయాలు తీసిన ఎలుకల్లో అనూరిజమ్‌లు పెరగడం, ఈస్ట్రోజెన్ ఇస్తే తగ్గడం చూపించారు. మనుషుల్లో లెక్క ఇంత సూటిగా తేలలేదు. ముట్లుడిగే వయసు దాటాక ఆడవాళ్లలోనే ఈ జబ్బు ఎక్కువన్నది మాత్రం స్థిరపడింది. అలాగని హార్మోను బిళ్లలు సొంతంగా మింగకూడదు. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపాల్సి వచ్చింది. ఆ బిళ్లలు వేసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సరు, పక్షవాతం పెరిగాయి.

అత్తకు ఆపరేషన్ చేసి, ఉబ్బిన నాళానికి క్లిప్ వేశారు. మూడోనాడు కళ్లు తెరిచింది. డాక్టరు బి.పి. మాత్రలు రాసి ఇస్తుంటే కోడలు నెమ్మదిగా అడిగింది.

“తెల్లబట్టవుతుందని నాకూ గర్భసంచి తీయించీమన్నారు బాబూ. వచ్చే నెల్లోనే.”

డాక్టరు కలం ఆపాడు. “స్కాన్ తీశారా? మందులతో చూశారా? ఆ కాగితాలు తీసుకురామ్మా, ముందు నేను చూడాలి.”