ఆరు నిమిషాల పాఠం

కిందటేడు మా ఆదివారం తెలుగు బడిలో గుణింతాలు చెబుతున్నాను. పదిమంది పిల్లల్లో ఇద్దరు తప్ప అందరూ కిటికీలోంచి పార్కింగ్ లాట్ వైపే చూస్తున్నారు. ఆ రాత్రి తెనాలిలో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి మొర పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. "ఒరేయ్, మా బి.ఇడి.లో సూక్ష్మబోధన అని ఉండేదిరా. ఆరు నిమిషాలే పాఠం. అది కుదిరాకే అసలు క్లాసుకి పంపేవారు" అంది.

అదేమిటా అని వెతికితే, పుట్టినచోటు ఫ్రీమాంట్‌లో ఉన్న మాకు డంబార్టన్ వంతెనకి అవతలే!

1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, అప్పట్లో స్కూల్ ఆఫ్ ఎడ్యుకేషన్ అనీ ఇప్పుడు గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ ఎడ్యుకేషన్ అనీ పిలిచే చోట, డ్వైట్ ఆలెన్, ఆయన సహచరులూ కలిసి దీన్ని రూపొందించారు. కొత్త టీచర్ని ఒక్కసారిగా నిండు తరగతి ముందు నిలబెట్టే బదులు అన్నీ చిన్నవి చేశారు. విద్యార్థులు నలుగురైదుగురు, పాఠం ఐదు నిమిషాలు, సాధన చేసేది ఒక్క నైపుణ్యం. ఆ పాఠాన్ని వీడియో టేపు మీద ఎక్కించి టీచరుకే చూపించేవారు. తప్పు తెలిశాక, దిద్దుకుని అదే పాఠం మరో గుంపుకి మళ్ళీ చెప్పాలి. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో యూనిట్ టెస్టింగ్ అన్నమాట. 1969లో ఆలెన్, కెవిన్ రయన్ దీని మీద పుస్తకం రాశారు. బోధనని ఇలా ముక్కలు చేస్తే మొత్తం ఏమవుతుందని కొందరు విమర్శించారు. అందులో నిజం లేకపోలేదు.

మన దేశంలో 1967లో అలహాబాదులో డి.డి. తివారీ దీన్ని ప్రయత్నించారు. 1975లో ఎన్.సి.ఇ.ఆర్.టి., బరోడా విశ్వవిద్యాలయం విద్యాకేంద్రం కలిసి పని మొదలుపెట్టాయి. 1976లో బి.కె. పస్సీ పుస్తకం వచ్చింది. ఆయన నైపుణ్యాల జాబితాలో నల్లబల్ల వాడకం కూడా ఒకటి!

మన కాలేజీలకి వీడియో కెమెరాలెక్కడివి? అందుకని తోటి ఛాత్రోపాధ్యాయులే పిల్లలయ్యారు, పరిశీలన పత్రం కెమెరా అయింది. మొత్తం 36 నిమిషాలు. ఆరు నిమిషాలు పాఠం, ఆరు నిమిషాలు లోపాల మీద చర్చ, తర్వాత మళ్ళీ పాఠానికి ఆరు, చర్చకి ఆరు. మధ్యలో, పాఠాన్ని తిరగరాసుకోవడానికి పన్నెండు. చెప్పడానికిచ్చిన సమయానికి రెట్టింపు ఆలోచించుకోవడానికి ఇచ్చారు చూడండి, నాకు బాగా నచ్చింది అదే.

అక్క పత్రంలో ఆమె స్నేహితురాలు రాసిందట, "ప్రశ్న అడిగి జవాబు నువ్వే చెప్పేశావు" అని. రెండోసారి పాఠంలో ప్రశ్న అడిగాక పెదవి కొరుక్కుని నిలబడ్డానని నవ్వింది.

నేనూ మా డైనింగ్ టేబుల్ దగ్గర మా అమ్మాయినీ, దాని స్నేహితుల్నీ కూర్చోబెట్టి, ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఆరు నిమిషాలు 'క' గుణింతం చెప్పాను. తర్వాత చూసుకుంటే సిగ్గేసింది. "ఇదేమిటి?" అని అడగడం, ఎవరూ నోరు తెరవకముందే నేనే చెప్పెయ్యడం, అదీ ఇంగ్లీషులో! ఆ వీడియో అక్కకి పంపాను.

చూసి ఒక్కటే అడిగింది. "రెండోసారి చెప్పావా?"